మూత్రసంచి నొప్పికి నరాల కరెంటు వైద్యం

ప్రశ్న: వయసు 42. నాలుగేళ్లుగా మూత్రసంచి నిండేకొద్దీ పొత్తికడుపులో మంట, నొప్పి. మూత్రం పోసుకుంటే కాస్త నయం. పగలూ రాత్రీ కలిపి ఇరవైసార్లు వెళ్తున్నాను. ఇన్‌ఫెక్షన్ లేదు, ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అన్నారు. మాత్రలతో కొంతే తగ్గింది. నరానికి కరెంటు ఇచ్చే బ్యాటరీ పెట్టించుకుంటే నొప్పి పోతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా ఒక మాటమ్మా. సిస్టోస్కోపీలో (గొట్టం పెట్టి మూత్రసంచి లోపల చూసే పరీక్ష) హన్నర్ పుండ్లు, అంటే ఈ జబ్బులో మూత్రసంచి లోపలి పొర మీద వచ్చే పుండ్లు, కనిపించాయో లేదో రిపోర్టులో చూడండి. ఉంటే వాటిని కాల్చడమో, అక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడమో ముందు జరగాలి. బ్యాటరీ మాట ఆ తర్వాతే.

ఈ వైద్యం బాగా పనిచేసేది మాటిమాటికీ వెళ్లాల్సి రావడం మీద, ఆగలేకపోవడం మీద. అమెరికాలో 1997లో, 1999లో అనుమతి వచ్చింది కూడా ఆ బాధలకే. నొప్పి కొందరికి తగ్గుతుంది, కానీ అంత నమ్మకంగా చెప్పలేం. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి ప్రయత్నించదగ్గదే.

బ్యాటరీ కంటే ముందు, కాలి దగ్గరి నరానికి కరెంటు ఇవ్వడంతో మొదలుపెట్టడం మేలు. చీలమండ లోపలివైపు ఎముకకు మూడు వేళ్ల వెడల్పు పైన, సన్నని 34 గేజ్ సూది గుచ్చుతారు. అదే పాదం మడమ లోపలివైపు ఒక ప్యాడ్ అంటిస్తారు. అక్కడి టిబియల్ నరం, మూత్రసంచి నరాలు వెన్ను అడుగున ఒకే చోట కలుస్తాయి. కరెంటు పెంచుతుంటే బొటనవేలు వంగాలి, లేదా అరికాలిలో జిల్లుమనాలి. సూది గుచ్చినచోటే చురుక్కుమంటే అది నరం దగ్గర లేనట్టే, మార్చి గుచ్చమనండి. వారానికోసారి 30 నిమిషాలు, మొత్తం 12 వారాలు. నాలుగైదుసార్లకే ఫలితం లేదని మానేయడం తొందరపాటు. గుణం కనిపిస్తే తర్వాత నెలకోసారి కొనసాగించాలి. గర్భవతులకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఇది వద్దు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

మొదలుపెట్టే ముందు మూడు రోజులు, చివర్లో మూడు రోజులు డైరీ రాయండి. గీతలున్న కప్పులో కొలిచి, 'ఉదయం 6:10, 90 మి.లీ., నొప్పి పదికి 7' అన్నట్టు ప్రతిసారీ ఒక వరుస. 90కే పరుగెత్తే మనిషి 150 దాకా ఆగగలిగితే అది నిజమైన మార్పు. జ్ఞాపకం మీద ఆధారపడితే మొన్నటి ఒక్క చెడ్డరోజే గుర్తుంటుంది.

దీనితో లాభం లేకపోతేనే బ్యాటరీ. నడుము కింది ఎముకలోని మూడో రంధ్రం గుండా, నాలుగు కాంటాక్టులు (కరెంటు బయటికిచ్చే చోట్లు) ఉన్న తీగను అక్కడి ఎస్3 అనే నరం పక్కకు చేరుస్తారు. ముందు తాత్కాలికంగా బయటి యంత్రంతో కొన్ని రోజులు పరీక్షిస్తారు. డైరీలో బాధ కనీసం సగం తగ్గితేనే పిరుదు పైభాగంలో బ్యాటరీ అమర్చాలి. సగం తగ్గకపోతే, ఎవరెంత చెప్పినా ఒప్పుకోవద్దు. తర్వాత జిల్లు కాలిలోకో పిరుదులోకో మారితే తీగ జరిగి ఉండవచ్చు, చాలాసార్లు వేరే కాంటాక్టుకు మార్చి సరిచేస్తారు. కోసినచోట ఎర్రబడినా చీము కారినా ఆ రోజే చూపించాలి. ఫిజియోథెరపీకి వెళ్తే డయాథెర్మీ (ఒంటి లోపల వేడి పుట్టించే యంత్రం) పెట్టనివ్వొద్దు, తీగ వేడెక్కి నరం దెబ్బతింటుంది. ఎంఆర్ఐకి ముందు మీ బ్యాటరీ మోడల్ కార్డు చూపించండి.

ప్రశ్న: కాలి నరానికి కరెంటు వైద్యం ఇంట్లో టెన్స్ మెషీన్‌తో (చర్మం మీది ప్యాడ్లతో కరెంటు ఇచ్చే చిన్న యంత్రం) చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సూది లేకుండా ప్యాడ్లతో చేసుకోవచ్చు, ఒకసారి ఫిజియోథెరపిస్టు చూపించాక. ఒక ప్యాడ్ చీలమండ లోపలి ఎముక వెనక, రెండోది దానికి సుమారు 10 సెం.మీ. పైన. వేగం 20 హెర్ట్జ్, ఒక్కో పల్స్ నిడివి 200 మైక్రోసెకన్లు, సమయం 30 నిమిషాలు. నడుంనొప్పికి పెట్టి ఉంచే 80–100 హెర్ట్జ్ సెట్టింగును మార్చకుండా వాడొద్దు. జిల్లు తెలియాలి, నొప్పి పుట్టకూడదు.