కుందేలును తెచ్చుకునే ముందు ఏం చూసుకోవాలి?

ముందు ఎండ సంగతి. కుందేలు ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే పోతుంది. 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ ముప్పు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బాల్కనీ బోను పనికిరాదు, ఇంట్లో చల్లని గది కావాలి.

తిండి దగ్గరే చాలామంది పొరబడతారు. క్యారెట్ కాదు, ఎండుగడ్డి ముఖ్యం. అది రోజంతా ముందుండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. గడ్డి తగ్గితే పేగుల కదలికా మందగిస్తుంది. 12 గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, ప్రాణం మీదికొస్తుంది. కుక్కలు, పిల్లులనే చూసే డాక్టర్లు ఎక్కువ, కాబట్టి కుందేళ్లకు వైద్యం చేసేవాళ్లెవరో ముందే కనుక్కోండి.

జత తెచ్చుకుంటే ఆడమగ తేల్చుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఆడ కుందేలు చూలు కట్టిన నెలకే ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు.