నారు ట్రేల నుంచి జారిన నీటిని మళ్ళీ నారుకే వాడవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గరి పల్లె. షేడ్‌నెట్ కింద ప్రోట్రేలలో టమాట, వంగ, మిరప నారు పెంచి కాశీనగర్, గుణుపూర్, పాతపట్నం వైపు రైతులకు అమ్ముతున్నాను. పక్కనే 500 చదరపు మీటర్ల పాలీహౌస్‌లో కొబ్బరిపొట్టు సంచులలో కాప్సికం ఉంది. వేసవిలో బోరు సన్నగిల్లుతున్నందున రెండింటి నుంచి జారే నీటిని ఒకే గుంతలోకి మళ్ళించి, మోటారుతో నారుకు తిరిగి పెడుతున్నాను. కొంతకాలంగా నారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతోంది, నిలిచిన మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయి, గుంతలో నీరు పచ్చబడింది. యూవీ దీపం కొనమని ఒకరు, బ్లీచింగ్ పౌడరు వేస్తే చాలని మరొకరు అంటున్నారు. ఏది చేయమంటారు?

సలహా: మీరు చెప్పిన లక్షణాలకు ఒకే కారణం ఉన్నట్టు లేదు. నారు మొదలు మెత్తబడి పడిపోవడం నారుకుళ్ళు తెగులు లక్షణం. దీన్ని కలిగించే పిథియం, ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవుల సిద్ధబీజాలు నీటిలో ఈదగలవు కనుక, ఒక్క ట్రేలో మొదలైన తెగులు గుంతలోకి చేరి, అక్కడి నుంచి మోటారు ద్వారా షెడ్డంతటికీ పాకుతుంది. ఆకుల అంచులు మాడడం మాత్రం చాలా వరకు లవణాల వల్ల జరిగేది. యూవీ దీపమైనా, బ్లీచింగ్ పౌడరైనా సూక్ష్మజీవులను చంపుతాయే గాని నీటిలోని ఉప్పును రవ్వంత కూడా తగ్గించవు. అందువల్ల ఏ పరికరానికైనా డబ్బు పెట్టే ముందు మీ నష్టంలో తెగులు వాటా ఎంత, ఉప్పు వాటా ఎంత అన్నది తేల్చుకోవాలి.

ఇందుకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బాగా కడిగిన కొబ్బరిపొట్టును కొత్త ట్రేలలో నింపి, ఒకే సంచిలోని టమాట విత్తనాన్ని మూడు జట్లుగా విత్తండి. మొదటి జట్టుకు బోరు నీరు, రెండో జట్టుకు గుంత నీరు, మూడో జట్టుకు మరిగించి చల్లార్చిన గుంత నీరు మాత్రమే పోయండి. ఒక జట్టు నీరు మరో జట్టు మీద చిందకుండా ట్రేలను దూరంగా ఉంచండి. మరిగించినప్పుడు తెగులు కారకాలు చస్తాయి, ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. రెండో జట్టు కుళ్ళి, మూడో జట్టు నిలిస్తే తెగులు నీటి ద్వారానే వస్తున్నట్టు. రెండు, మూడు జట్లలో అంచులు మాడి, బోరు నీటి జట్టు బాగుంటే లోపం లవణాలది. మూడు జట్లలోనూ నారు కుళ్ళితే మాత్రం నీటిని నిందించి లాభం లేదు. విత్తనాన్ని, కొబ్బరిపొట్టును అనుమానించవలసి ఉంటుంది. కడగని చౌక కొబ్బరిపొట్టులో ఉప్పు ఎక్కువగా ఉండడం మామూలే కాబట్టి, మీరు రోజూ వాడే పొట్టును కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

మరొక్క విషయం చూడకుండా ముందుకు పోవద్దు. ఎదిగిన టమాట, వంగ మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే వడలిపోతుంటే, కాండాన్ని అడ్డంగా కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొన మునిగేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి సన్నని ధార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఒడిశాలో ఈ తెగులు బాగా ఉంది; మట్టిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది, నీటితో ప్రయాణిస్తుంది. ధార కనబడిన రోజు నుంచి ఆ గుంత నీటిని నారుకు పూర్తిగా ఆపాలి, ఆ నారును అమ్మకూడదు. నష్టం మీకే పరిమితమైతే అది మీ నిర్ణయం. మీ నారు కొన్న రైతు పొలానికి తెగులు చేరితే అది ఆయన చేతిలో లేని నష్టం.

ఇక ఉప్పు సంగతి. రెండు రకాల నీటిని ఒకే గుంతలో కలపడమే, నా దృష్టిలో, మీ ఏర్పాటులోని పెద్ద లోపం. కాప్సికం సంచుల నుంచి జారే నీటిలో డ్రిప్ ద్వారా ఇచ్చిన ఎరువులో మొక్క తీసుకోనిదంతా ఉంటుంది. అది నారుకు తిరిగి వచ్చినప్పుడల్లా లవణ సాంద్రత పెరుగుతుంది. గుంతలో నాచుకు మేత కూడా అదే. లేత నారుకు పోసే నీటి ఇ.సి. (కరిగిన లవణాలు ఎంతున్నాయో తెలిపే విద్యుత్ వాహకత కొలత) మీటరుకు 0.75 డెసీసీమెన్స్‌కు లోబడి ఉండడం మంచిది, 1.5 దాటిన నీరు నారుకు పనికిరాదు. జేబులో పట్టే ఇ.సి. మీటరు యూవీ దీపం కంటే ఎంతో చౌక. ముందు అది కొనండి. కాప్సికం నీటిని వేరు కాలువతో అరటికో కొబ్బరికో పశుగ్రాసానికో మళ్ళించండి. శుద్ధి చేసి తిరిగి వాడదగినది ట్రేల కింద జారిన నీరు ఒక్కటే. గట్ల మీద కలుపుమందు కొట్టిన చోటి నుంచి వర్షపు నీరు గుంతలోకి రాకుండా చుట్టూ కట్ట వేయండి. మందు అవశేషం కొద్దిగా ఉన్నా నారు వంకర్లు పోతుంది.

పెరిగిన లవణాలకు తక్కువ ఖర్చు మందు వాన నీరు. షేడ్‌నెట్ వాన నీటిని పట్టదు, కాని మీ పాలీహౌస్ పైకప్పు పడుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు అవుతుంది కనుక, 500 చదరపు మీటర్ల కప్పు మీద 1000 మిల్లీమీటర్ల వానకు 5 లక్షల లీటర్లు వస్తాయి; అయిదో వంతు నష్టపోయినా 4 లక్షల లీటర్లు మిగులుతాయి. మీ ప్రాంతంలో ఏటా కురిసేది అంతకు మించే ఉంటుంది. చిక్కంతా నిల్వతోనే, ఎందుకంటే వాన కురిసే నెలలు వేరు, మీకు నీరు కావలసిన నెలలు వేరు. ప్లాస్టిక్ షీటు పరిచిన 2 లక్షల లీటర్ల కుంట తవ్వి, పైన నల్లని షేడ్‌నెట్ కప్పితే ఆవిరి నష్టం, నాచు రెండూ తగ్గుతాయి. ఇ.సి. 1.6 ఉన్న నీటిలో సగానికి సగం వాన నీరు కలిపితే అది దాదాపు 0.8కి దిగుతుంది.

తెగులు కారకాలను తీసివేయడానికి మీకు నేను సూచించేది నెమ్మదిగా నడిచే ఇసుక వడపోత. సుమారు 1.2 మీటర్ల వ్యాసం ఉన్న బావి వరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగున రంధ్రాలు పెట్టిన పి.వి.సి. పైపును, దాని చుట్టూ గులకరాళ్ళను, పైన 80 సెంటీమీటర్ల నుంచి మీటరు మందంగా కడిగిన సన్నని నది ఇసుకను నింపండి. ఇసుక మీద ఎప్పుడూ అర మీటరు నీరు నిలిచేలా బయటి పైపును ఇసుక మట్టానికి పైగా వంచి పెట్టాలి. చదరపు మీటరుకు గంటకు 100 లీటర్లకు మించకుండా నీరు నడిపితే ఇలాంటి ఒక తొట్టి రోజుకు సుమారు 2700 లీటర్లు ఇస్తుంది. కొన్ని వారాలకు ఇసుక పైభాగాన మేలు చేసే సూక్ష్మజీవుల పొర కడుతుంది. పిథియం, ఫైటోఫ్తోరాలను అడ్డుకోవడంలో ఇసుకతో పాటు ఆ పొరకూ పెద్ద పాత్ర ఉంటుంది. పొర కట్టక ముందు వచ్చిన నీటిని నమ్మవద్దు. ఇసుకను ఎండనివ్వకూడదు, క్లోరిన్ కలిసిన నీటిని దాని మీదికి వదలకూడదు. నీరు దిగడం మందగించినప్పుడు పైనున్న ఒకటి, రెండు సెంటీమీటర్ల ఇసుకను గీరి తీసివేస్తే చాలు, కాని ఆ తరువాత కొన్నాళ్ళు వడపోత బలం తగ్గి ఉంటుంది కాబట్టి రెండు తొట్లు కట్టుకొని వంతుల వారీగా శుభ్రం చేయడం క్షేమం. వైరస్‌లను, నులిపురుగులను మాత్రం ఇది పూర్తిగా ఆపలేదు.

బ్లీచింగ్ పౌడరును వడకట్టిన నీటికే వాడాలి. పచ్చని గుంత నీటిలో వేస్తే క్లోరిన్ బలమంతా నాచు మీద, బురద మీదే ఖర్చవుతుంది. తాజా పౌడరులో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది, కాని మూత తీసిన సంచిలో వేగంగా తగ్గిపోతుంది. 1000 లీటర్లకు 17 గ్రాముల తాజా పౌడరు కలిపితే లీటరుకు 5 మిల్లీగ్రాముల క్లోరిన్ చేరుతుంది. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోసి, కనీసం అర గంట ఆగండి. ఆ తరువాత స్ప్రింక్లరు దగ్గర నీటిని పట్టి, మంచినీటి ట్యాంకుల వద్ద వాడే క్లోరిన్ పరీక్ష పెట్టెతో చూస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. అంతకు మించితే లేత ఆకు దెబ్బ తింటుంది. నీటి ఉదజని సూచిక (పి.హెచ్.) 7.5 దాటితే క్లోరిన్ పని మందగిస్తుంది. అలాగని పౌడరును, ఆమ్లాన్ని ఒకే పాత్రలో కలపవద్దు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తెగుళ్ళను అణిచే మేలు సూక్ష్మజీవులైన ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వేసే రోజున క్లోరిన్ లేని బోరు నీటినే వాడండి.

యూవీ దీపం మంచి సాధనమే, కాని కాంతి నీటి గుండా దూసుకుపోగలిగితేనే అది పని చేస్తుంది. మీ గుంత నీటికి ముందు వడపోత కట్టక తప్పదు. వేసవిలో కరెంటు పోయినప్పుడు శుద్ధి కాని నీరు వెళ్ళకుండా ఆపే ఏర్పాటు కూడా కావాలి. మీ పరిమాణానికి ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

నీటిని ఎంత శుద్ధి చేసినా, గొట్టం కొనను నేల మీద ఈడ్చితే తెగులు మళ్ళీ అక్కడి నుంచే ఎక్కుతుంది. కొనను కొక్కేనికి తగిలించండి. ట్రేలను నేల మీద కాక బల్లల మీద ఉంచండి, వాడిన వాటిని కడిగి క్లోరిన్ నీటిలో ముంచాకే మళ్ళీ నింపండి, తడి ఉదయం పూటే ఇవ్వండి. మూడు జట్ల పరీక్ష ఫలితం వచ్చాక ఇ.సి. అంకెతో సహా గుణుపూర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. ఇప్పుడున్న గుంత నీటిని ఖాళీ చేసేటప్పుడు వాగులోకి గాని, టమాట, వంగ, మిరప వేసే మడుల వైపు గాని వదలకుండా కొబ్బరి పాదులకు కొద్దికొద్దిగా పారించండి.