ఇంట్లో ఎవరూ లేకపోయినా మీటరు తిరుగుతోంది, ఎందుకు?

ఇంటి కరెంటు బిల్లుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి మా జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం. కింద మేముంటాం, మిద్దెపైన బాడుగకున్నవాళ్లు. మీటర్లు వేరువేరు. ఎప్పుడూ 180 యూనిట్లకు మించని మాకు రెండు నెలలుగా 310 వస్తోంది. ఏసీ లేదు, కొత్త సామాను ఏదీ కొనలేదు. పోయిన నెల పది రోజులు ఇంటికి తాళం వేసి ఊరికి పోయినా తగ్గలేదు. యూనిట్లు రెట్టింపు కాకపోయినా బిల్లు రెట్టింపు దాటింది. మీటరు చెడిపోయిందా?

జవాబు: ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. మన రాష్ట్రంలో 2022-23లో వచ్చిన శ్లాబుల ప్రకారం గృహాలకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఏ మెట్టు మీద పడిన యూనిట్లకు ఆ మెట్టు ధరే. ఈ లెక్కన 180 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ.747, 310కి రూ.1,760. అదనపు 130 యూనిట్లు పై మెట్ల మీద పడినందువల్లే వెయ్యి రూపాయలు పెరిగింది. ఇందులో తప్పు లేదు. తేల్చాల్సింది ఆ 130 యూనిట్లు ఎక్కడివన్నదే.

బిల్లు మీద రెండు రీడింగులు, రెండు తేదీలు ఉంటాయి. వాటి మధ్య 30 రోజులే ఉన్నాయా, 38 ఉన్నాయా చూడండి. ఇప్పటి రీడింగు మీటరులోని అంకెతో సరిపోతోందా చూడండి. తాళం వేసి ఉన్నప్పుడు సగటు వేసి బిల్లు కొట్టి ఉంటే ఆ తేడా తర్వాతి నెల ఒక్కసారిగా బయటపడుతుంది. రెండు నెలలూ ఒకే తీరుగా వచ్చిందంటే మీ విషయంలో అది కాకపోవచ్చు.

ఇక మీటరు దగ్గరికి రండి. ముందు భాగంలో మినుకుమినుకుమనే ఎర్ర దీపం ఒకటి ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని మినుకులో ముద్రించి ఉంటుంది, 3200 అనో 1600 అనో. ఈ దీపమే మీకు కావలసిన పనిముట్టు. మీటరు 3200 రకమైతే 10 మినుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసి, 11,250ని ఆ సెకన్లతో భాగించండి. ఆ నిమిషంలో ఇల్లు లాగుతున్న వాట్లు వస్తాయి. 1600 రకమైతే 22,500ని భాగించాలి. ఉదాహరణకు మొదటి రకంలో 10 మినుకులకు 90 సెకన్లు పడితే 125 వాట్లు. చూడటానికి కొంచెమే, కానీ అది రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 3 యూనిట్లు, నెలకు 90.

మొదట మెయిన్ స్విచ్ ఆపి పావుగంట చూడండి. ఒక్క మినుకు కూడా రాకూడదు. వస్తే మీటరుకు, మెయిన్‌కు నడుమ ఎవరైనా తీగ లాగి ఉండాలి, లేదా అక్కడ ఇన్సులేషన్ పోయి ఉండాలి, అదీ కాకపోతే మీటరులోనే లోపం. సీలు జోలికి పోకుండా సెక్షన్ ఆఫీసుకు చెప్పండి.

తర్వాత మెయిన్ వేసి, ఎంసీబీలన్నీ, అంటే ఒక్కో లైనుకు వేరుగా ఉండి లోడు ఎక్కువైతే తామే పడిపోయే స్విచ్‌లన్నీ (పాత ఇల్లయితే ఫ్యూజులన్నీ) కిందికి దించి మళ్లీ చూడండి. మీ ఉత్తరం చదివితే ఇక్కడే దొరుకుతుందని మా అనుమానం. ఊళ్లో లేకపోయినా తగ్గలేదన్నారు, మిద్దెపైన వేరే కాపురం ఉందన్నారు. ఈ రెండూ కలిస్తే మొదట చూడాల్సింది ఉమ్మడి న్యూట్రల్.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు ఫేజ్ తీగలో పోయే కరెంటును, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటును రెండింటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దానికే లెక్క కడుతుంది. దొంగతనం ఆపడానికి పెట్టిన ఏర్పాటు ఇది. మెట్ల దగ్గర లైటు, ఇన్వర్టర్ లైను, ఉమ్మడి మోటారు లాంటి పనికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దగ్గర్లో దొరికిన న్యూట్రల్‌కు తీగ ముడేసిపోతే రెండిళ్ల న్యూట్రల్‌లు ఒకటైపోతాయి. పైవాళ్ల ఫ్యాను, ఫ్రిజ్ వాడిన కరెంటు వాళ్ల మీటరు ఫేజ్ గుండా పోయి, తిరిగి వచ్చేటప్పుడు కొంత మీ న్యూట్రల్ దారి పడుతుంది. వాళ్ల మీటరు పూర్తిగా లెక్కేస్తుంది, మీ మీటరు తన గుండా వచ్చిన భాగాన్ని లెక్కేస్తుంది. ఒకే కరెంటుకు రెండిళ్లవాళ్లూ కడుతున్నారన్నమాట. ఎవరి మీటరూ చెడిపోలేదు.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. మీ మెయిన్ వేసి, ఎంసీబీలన్నీ దించి ఉంచి, పైవాళ్లను గీజరో ఇస్త్రీపెట్టెనో వేయమనండి. మీ మీటరు దీపం వెంటనే జోరందుకుంటే అదే. మీటరు మీద ‘ఎర్త్’ లేదా ‘ఈఎల్’ అని రాసిన దీపం వెలగడం మరో గుర్తు. ఫేజ్, న్యూట్రల్ కరెంట్లు సమానంగా లేవని దాని అర్థం. క్లాంప్ మీటరున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీ ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఒకే కొక్కెంలో పట్టమనండి. సున్నా రావాలి. 0.2 ఆంపియర్ దాటి చూపిస్తే ఎక్కడో కలిసినట్టే, లేదా లీకేజీ ఉన్నట్టే. కలిపిన న్యూట్రల్‌ను విడదీసి ఎవరి లింకుకు వాళ్లది బిగిస్తే సరి. ఆ పని చేసేటప్పుడు రెండిళ్ల మెయిన్‌లూ ఆపాలి. ఒకటే ఆపితే విప్పిన న్యూట్రల్ తీగ షాక్ కొడుతుంది. న్యూట్రలే కదా అని పట్టుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

అది కాదని తేలితే ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ దీపాన్ని చూడండి. ఏది ఎత్తినప్పుడు మినుకు వేగం పెరిగిందో ఆ లైనులోనే వెతకండి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మా సొంతిల్లు. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు, వెయ్యి లీటర్ల ట్యాంకు. ట్యాంకు నిండడానికి ఇంతకుముందు ముప్పావుగంట, ఇప్పుడు రెండు గంటలు. బాత్రూమ్ కుళాయి పట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటోంది. బిల్లు ఒక్కసారిగా పెరిగింది. మోటారు మార్చాలా?

జవాబు: కుళాయి జిల్లుమనడం బిల్లు సంగతి కాదు, ప్రాణం సంగతి. ఇది చదివిన వెంటనే గీజరు ఎంసీబీ, మోటారు ఎంసీబీ దించండి. ఏది దించితే జిల్లు ఆగిందో టెస్టరుతో ఎలక్ట్రీషియన్ చూస్తాడు, మీరు చేత్తో పట్టుకుని చూడొద్దు.

మన సీమ ఇళ్లలో ఎర్తింగ్ గుంత ఇల్లు కట్టినప్పుడు తీసిందే, ఆ తర్వాత దానికి చెంబెడు నీళ్లు పోసిన పాపాన ఎవరూ పోరు. నేల ఎండిపోతే ఎర్త్ నిరోధకత పెరుగుతుంది. అది 20 ఓమ్‌లుంటే, ఫేజ్ నేరుగా గీజరు బాడీకి తగిలినా 240 వోల్టులకు పారేది 12 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి పడిపోదు. మీకు తెలియకుండా దాదాపు 2,900 వాట్లు నేలలోకి పోతుంటాయి, రోజుకు 69 యూనిట్లు. అంత కాకపోయినా ఒక్క ఆంపియర్ లీకేజీ చాలు, నెలకు 170 యూనిట్లు తినేస్తుంది. గుంతలో ఉప్పు, బొగ్గు ఉన్నాయో లేదో చూసి, ఎండాకాలంలో వారానికోసారి రెండు బిందెలు పోయండి. అన్నిటికంటే ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ చూడలేని లీకేజీని అది పట్టుకుంటుంది. పెట్టగానే మాటిమాటికీ పడిపోతోందని తీసేయించేవాళ్లున్నారు. అది పడిపోతోందంటే ఇంట్లో లీకేజీ ఉందని, లేదా న్యూట్రల్‌లు కలిశాయని అర్థం.

మోటారు ఆపి ఉన్నప్పుడూ లీకేజీ ఉంటే స్విచ్ తప్పు తీగకు వేశారేమో చూడాలి. స్విచ్ ఫేజ్‌ను తెంచాలి. న్యూట్రల్‌ను తెంచేలా కలిపి ఉంటే, మోటారు ఆపినా బోరులో దిగిన కేబుల్ దాకా ఫేజ్ ఉంటుంది. నీళ్లలో కేబుల్ జాయింటు చెడితే అక్కడ 24 గంటలూ కారుతుంది. గీజరుకైనా ఇదే వరస.

గీజరు కాయిల్ మీద ఉప్పు పేరుకోవడం వల్ల బిల్లు పెరుగుతుందని చాలామంది అంటారు. మేం దాన్ని అంతగా ఒప్పుకోం. కాయిల్ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి దాని వేడి ఎటు తిరిగినా నీళ్లకే పోవాలి. ఉప్పు పొర చేసే నష్టం వేరు. కాయిల్ లోపలే వేడి నిలిచి పైతొడుగు పగులుతుంది, అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి వస్తుంది. బోరునీళ్లు వాడే ఇంట్లో ఏడాదికోసారి కాయిల్ ఊడదీసి గీయించాలి, ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే ఆనోడ్ రాడ్ కరిగిపోయి ఉంటే మార్చాలి. గీజరు వేసి మరిచిపోవడం మాత్రం ఖర్చే. 25 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి ఒక యూనిట్ పడుతుంది. రోజంతా వేసి ఉంచితే ఎవరూ స్నానం చేయకపోయినా ఆ వేడిని నిలపడానికి మళ్లీ కరెంటు కాలుతూనే ఉంటుంది.

ఇక ట్యాంకు. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు గంటకు 1.1 యూనిట్ల ప్రాంతంలో తీసుకుంటుంది. ముప్పావుగంటకు 0.8, రెండు గంటలకు 2.2. రోజుకోసారి నింపితే నెలకు తేడా 42 యూనిట్లు. మోటారు మార్చే ముందు ఇవి చూడండి. మోటారు ఆపగానే బోరు పైపులో నీళ్లు జారే చప్పుడు వినిపిస్తే, లేదా మళ్లీ వేసినప్పుడు ట్యాంకులోకి నీళ్లు రావడానికి చాలాసేపు పడితే, నాన్ రిటర్న్ వాల్వ్ పట్టడం లేదు, లేదా లోపలి పైపు జాయింటు కారుతోంది. నీళ్లు విడతలు విడతలుగా గాలితో కలిసి వస్తే నీటిమట్టం మోటారు దాకా దిగినట్టు. అలాంటప్పుడు కొత్త మోటారు కూడా అంతే చేస్తుంది, పైగా ఎండిపోయి కాలిపోతుంది. పైపు ఇంకా కిందికి దించే వీలుందేమో బోరు మెకానిక్‌ను అడగండి, లేకపోతే గంట నడిపి రెండు గంటలు ఆపి నింపుకోండి. ఇవేవీ కాకుండా ధార మాత్రం సన్నగా, నిలకడగా ఉంటే నీళ్లను పైకి నెట్టే చక్రాలు (ఇంపెల్లర్లు) అరిగాయి. స్టార్టర్ డబ్బాలో అమ్మీటరు ఎప్పటికన్నా ఎక్కువ చూపిస్తుంటే రన్ కెపాసిటర్ మార్పించి చూడండి. మోటారు పైకి తీయించే కూలితో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది!

ప్రశ్న: కర్నూలు నుంచి. మా ఇన్వర్టర్ బ్యాటరీకి ఐదేళ్లు. నెల తిరగకముందే నీళ్లు పోయాల్సి వస్తోంది. దీనివల్ల బిల్లు పెరుగుతుందా?

జవాబు: పెరుగుతుంది. లోపలి ఆరు గదుల్లో (సెల్స్‌లో) ఒకటి చచ్చిన బ్యాటరీ ఎప్పటికీ నిండదు. నిండలేదని ఇన్వర్టర్ ఎక్కిస్తూనే ఉంటుంది, ఎక్కించినదంతా వేడిగా, ఆవిరిగా పోతుంది. నీళ్లు తాగడం అందుకే. కరెంటు పోకుండా ఒక రోజంతా గడిచాక బ్యాటరీ పక్కను ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉండకూడదు. తర్వాత ఫ్రిజ్ తీసేసి, ఇన్వర్టర్ మెయిన్ ప్లగ్గు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి మీటరు మినుకులు లెక్కించండి. ప్లగ్గు తీసినప్పుడు ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపి ఉండాలి, లేకుంటే అవి బ్యాటరీ మీద నడిచి లెక్క తప్పుతుంది. తేడా 20, 30 వాట్లయితే ఫర్వాలేదు. 150, 200 వాట్లుంటే రోజుకు 4 యూనిట్లు పోతున్నట్టే. బ్యాటరీ మార్చండి, ఇన్వర్టర్ బాగానే ఉండి ఉండవచ్చు.

ప్రశ్న: ఆదోని. యూనిట్లు పెరగలేదు, డబ్బు మాత్రం పెరిగింది. మీటరు పరీక్ష చేయించమంటారా?

జవాబు: యూనిట్లు పెరగనప్పుడు మీటరుతో పనిలేదు. బిల్లులో ఎనర్జీ చార్జీ కాకుండా మిగతా వరసలు చదవండి. ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ పేర్లతో ఉన్నవి గతంలో వాడిన యూనిట్లకు ఇప్పుడు వసూలు చేసేవి. ఏసీడీ అని ఉంటే అది అదనపు డిపాజిట్, మీ వాడకం సగటును బట్టి అడుగుతారు. ఖర్చు కాదు, మీ పేరిట జమ ఉంటుంది.

మీటరు మీదే అనుమానం ఉన్నవాళ్లు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మిగతావన్నీ ఆపి, బకెట్ నీళ్లలో వెయ్యి వాట్ల హీటర్ రాడ్ పెట్టి, 3200 రకం మీటరులో 10 మినుకులు లెక్కించండి. వోల్టేజీని బట్టి 10 నుంచి 15 సెకన్లు పట్టాలి. ఏడు సెకన్లలో అయిపోతే 1912కు ఫోన్ చేసి, లేదా సెక్షన్ ఆఫీసులో ఫీజు కట్టి చెక్ మీటరు అడగండి. మీ మీటరుతో పాటు దాన్నీ అదే లైనులో పెట్టి కొన్ని రోజులు రెండు రీడింగులూ పోలుస్తారు. పెట్టిన రోజు రెండింటి అంకెలు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

ప్రశ్న: ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని ఒక చిన్న డబ్బా అమ్ముతున్నారు. కొనవచ్చా? (కడప)

జవాబు: వద్దు. విప్పితే లోపల ఒక కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ దీపం ఉంటాయి. కెపాసిటర్ వల్ల పవర్ ఫ్యాక్టర్ మారుతుంది, ఇంటి మీటరు మాత్రం అసలు వాడిన యూనిట్లనే లెక్కిస్తుంది. డబ్బా పెట్టి, తీసి మీటరు దీపాన్ని మీరే లెక్కపెట్టండి, తేడా కనిపించదు. ఆ డబ్బుతో ఫ్రిజ్ తలుపుకు కొత్త రబ్బరు వేయించండి. పది రూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగితే సులువుగా ఊడొస్తోందంటే ఆ రబ్బరు పని అయిపోయినట్టే.