తోట కాగితాలు బ్యాంకుకు చేరే ముందు

బొబ్బిలి నుంచి రాసిన చెల్లీ,

ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీ పూర్తి చేశావు. అమెరికాలో ఫండింగ్ లేని ఎం.ఎస్. సీటు వచ్చింది. మీ నాన్నగారు పొలం తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు. చలి గురించి, వంట గురించి, తోడు గురించి కూడా అడిగావు. చలికి కోటు ఉంటుంది, వంట నెల రోజుల్లో వస్తుంది, తోడు దొరుకుతుంది. నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వనిది మాత్రం ఆ పొలం మాటే. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. రెండెకరాల కొబ్బరి తోట, గట్ల వెంట కొన్ని జీడి చెట్లు. 2011లో నేనూ నీలాగే ఎం.ఎస్. సీటు తెచ్చుకున్నాను. నాన్న తోట కాగితాలు బ్యాంకులో పెట్టి 18 లక్షలు అప్పు తెచ్చారు. ఎం.ఎస్. చదివితే గాని పీహెచ్‌డీలో చేర్చుకోరని నేను గట్టిగా నమ్మాను. అది తప్పు. డిగ్రీ మాత్రమే చదివినవారు కూడా అమెరికాలో నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు, నీకైతే ఎమ్మెస్సీ కూడా ఉంది. మన శాస్త్రంలో పీహెచ్‌డీకి తీసుకున్నారంటే మామూలుగా ఫీజు వాళ్లే భరిస్తారు. పాఠాలు చెప్పడంలోనో పరిశోధనలోనో సాయపడినందుకు నెలనెలా స్టైపెండు కూడా ఇస్తారు. ఎం.ఎస్.కు చాలాచోట్ల ఆ ఏర్పాటు ఉండదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల రెండేళ్ల ఫీజు మా తోట మీద పడింది.

2013లో పీహెచ్‌డీలో చేరాక ఇక కష్టాలు తీరాయనుకున్నాను. సీటు ఇస్తూ పంపిన ఉత్తరంలో స్టైపెండు మొత్తం చూసి పన్నెండు నెలలకు లెక్క వేసుకున్నాను. అది తొమ్మిది నెలలకని చివరి పేరాలో ఉంది, నేను చదవలేదు. ఆగస్టులో చేరితే మొదటి జీతం సెప్టెంబర్ చివర పడింది. అప్పటికే గది అద్దె, దానికి సమానమైన అడ్వాన్సు కట్టేశాను. ఏడాది ఎలాగో గడిచింది. మే నెలలో జీతం ఆగిపోయింది. ఆ వేసవి మూడు నెలలు క్యాంపస్ గ్రంథాలయంలో పుస్తకాలు సర్దాను, రోజుకు ఒక్క పూట వండుకున్నాను, అమ్మ పంపిన ఉసిరికాయ పచ్చడితో రెండో పూట సరిపెట్టుకున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందనే చెప్పాను. ఎవరి ముందూ చేయి చాపలేదు. ఆ మాట ఈరోజు గర్వంగా చెబుతున్నాను గాని, ఉత్తరం మొత్తం చదివి ఉంటే ఆ మూడు నెలలు తప్పేవి.

ఇంకొకటి కూడా ఆలస్యంగా తెలిసింది. పరిశోధన సహాయకుల స్టైపెండు చాలావరకు గైడుకు వచ్చిన గ్రాంటులోంచి వస్తుంది. గ్రాంటు దేనికి వస్తే పని దాని మీదే. బంగాళాఖాతం తుఫాన్ల మీద పని చేయాలని నేను వెళ్లాను. నా గైడుకు డబ్బు వచ్చింది రాకీ పర్వతాల మంచు కరగడం మీద. మొదటి ఏడాది లోలోపల ఏడ్చాను. తర్వాత చూస్తే లెక్కలు, కంప్యూటర్ నమూనాలు, సమాచారం అన్నీ అవే. మంచు మీద నేర్చుకున్నదే ఇప్పుడు తుఫాన్ల మీద వాడుతున్నాను. కనుక అంశం నచ్చలేదని డబ్బున్న అవకాశాన్ని వదులుకోకు. గ్రాంట్లు తరచుగా మూడేళ్లకే ఉంటాయి, పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. పైగా 2025లో అమెరికా ప్రభుత్వం చాలా పరిశోధన గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. గ్రాంటు ఆగితే తనకు జీతం ఎక్కడి నుంచి వస్తుందో ముందే అడిగిన విద్యార్థిని ఏ మంచి ప్రొఫెసరూ తప్పుపట్టడు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. నేను ఇక్కడ ఉపగ్రహ చిత్రాల్లో దాని కన్ను చూస్తూ కూర్చున్నాను. అది మా ఇంటి మీదుగా పోతోందని తెలుస్తూనే ఉంది. నాలుగు రోజులు ఫోన్లు కలవలేదు. కలిశాక నాన్న ఒకటే మాట అన్నారు: "చెట్లు పోయాయమ్మా, కాగితాలు మాత్రం బ్యాంకులో భద్రంగా ఉన్నాయి." అప్పు అప్పటికి సగం మాత్రమే తీరింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. మిగిలిన సగం నా జీతంలోంచి చివరి రూపాయి వరకు నేనే కట్టాను. కాగితాలు తెచ్చి నాన్న చేతిలో పెట్టిన రోజున ఆయన వాటిని విప్పి కూడా చూడలేదు.

మీ తరం పిల్లలు విశ్వవిద్యాలయాల ర్యాంకులు చూస్తారు. నువ్వు జీతం చూడు. ఈ ఎం.ఎస్. సీటు వదిలేసి, డిసెంబర్, జనవరి గడువులకు పీహెచ్‌డీ దరఖాస్తులు పెట్టు. దానికి ముందే సెప్టెంబర్‌లో, నీ అంశానికి దగ్గరగా పని చేస్తున్న ప్రొఫెసర్లకు నాలుగు వాక్యాల్లో రాసి, కొత్త విద్యార్థిని తీసుకునే డబ్బు ఉందా అని మర్యాదగా అడుగు. ఆగిన ఏడాది వృథా కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. 1940 నుంచి గంటగంటకూ ప్రపంచమంతటి గాలి, ఉష్ణోగ్రత, తేమ లెక్కలున్న ఈఆర్ఏ5 సమాచారం ఉచితంగా దొరుకుతుంది. అందులోంచి నాగావళి పరీవాహక ప్రాంతంలో వానలు ఎలా మారాయో ఒక చిన్న పని చేసి దరఖాస్తుతో పంపించు. చాలా విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయంతో వచ్చిన సీటుకు ఏప్రిల్ 15 వరకు సమయం ఇస్తాయి, తొందరపెడితే బెదరకు. వీసా, పని గంటలు, పన్ను సంగతులు అధికారిక పేజీల్లో ఉంటాయి, అవి చూసుకో.

సీటు వచ్చినప్పుడు ఉత్తరం చివరి పేరా వరకు చదువు. జీతం తొమ్మిది నెలలకా, పన్నెండుకా, ఆరోగ్య బీమా ఎవరు కడతారు, ఇతర రుసుములు ఎంత, ఎన్నేళ్లకు హామీ ఇస్తున్నారు. ఇవి స్పష్టంగా లేకపోతే రాతపూర్వకంగా అడిగి తెప్పించుకో, అర్థం కాకపోతే నాకు పంపించు. అప్పటివరకు నాన్నగారిని బ్యాంకుకు వెళ్లనివ్వకు.

ఇట్లు,
మీ అక్క