నర్సింగ్ చదివే పిల్లకి ఇంత కోపం ఉంటే కోర్సు మాన్పించేయాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది, ఇంట్లో ఉన్నన్నాళ్లు గొంతు పెంచి ఎరగదు, క్లినికల్ పోస్టింగ్స్, అంటే హాస్పిటల్ వార్డుల్లో పని నేర్చుకునే డ్యూటీలు, మొదలైన దగ్గర్నుంచి ఫోన్ చేస్తే చాలు చిర్రుబుర్రులాడుతోంది, రూమ్మేట్ మీద అరిచి పుస్తకం విసిరేసింది, పోయిన వారం వార్డులో పేషెంట్ తాలూకు మనిషి మీద అరిస్తే ఇన్‌చార్జ్ సిస్టర్ కంప్లైంట్ రాసిచ్చారు. ఇంత కోపం ఉన్న పిల్ల నర్సుగా పనికొస్తుందా, ఇప్పుడే మాన్పించి వేరే డిగ్రీలో వేసేద్దామా అని అడిగారు. మాన్పించకండి.

మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక్క లైన్ దగ్గర నేను ఆగిపోయాను. ఆ గొడవ జరిగిన రోజు పొద్దున రెండుసార్లు సూది గుచ్చినా వెయిన్ (నరం) దొరకలేదని, ట్యూటర్ అందరి ముందూ తిట్టారని, అమ్మాయి సారీ మేడమ్ అని తల దించుకుందని రాశారు చూడండి, అది. మధ్యాహ్నం పేషెంట్ కూతురు వచ్చి సెలైన్ ఎప్పుడు మారుస్తావు అని మూడోసారి అడిగింది, అంతే, పొద్దున మింగినదంతా ఆవిడ మీద పడింది. ట్యూటర్‌ని ఏమీ అనలేదు, డాక్టర్‌ని అనలేదు, సీనియర్లని అసలే అనలేదు, ఇంక మిగిలిందెవరు? పేషెంట్ మనుషులు, రూమ్మేట్, రాత్రి ఫోన్‌లో మీరు. నా దగ్గరికి కోపం అని వచ్చే నర్సింగ్ పిల్లల్లో చాలామంది దగ్గర వింటున్నది ఇదే, పైవాళ్లకి చెప్పుకోలేకపోయింది తన కిందో పక్కనో ఉన్నవాళ్ల మీద పోతుంది. అసలే చిన్న వయసు, జీవితంలో మొదటిసారి చావుని దగ్గర్నుంచి చూస్తున్నారు, పక్క బెడ్ దగ్గరికి వెళ్లేలోపు మొహం మామూలుగా పెట్టుకోవాలి. ఇలా జీతం కోసం మొహాన్నీ మనసునీ అదుపులో పెట్టుకోవడం కూడా ఒక చాకిరీయే అని 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సోషియాలజిస్ట్ ఎయిర్ హోస్టెస్‌ల పని చూసి రాసి, దానికి ఎమోషనల్ లేబర్ అని పేరు పెట్టారు. మీ అమ్మాయికి ఇంకా జీతం కూడా లేదు, చాకిరీ మాత్రం మొదలైపోయింది.

అయితే కోపం అంతా ఒకటే రకం కాదండి. 1992లో బస్, పెర్రీ అనే ఇద్దరు సైకాలజిస్టులు మనిషిలో దురుసుతనం ఎంతుందో కొలవడానికి 29 ప్రశ్నల పేపర్ ఒకటి తయారుచేశారు, నర్సింగ్ స్టూడెంట్స్ మీద చేసే స్టడీల్లో కూడా దాన్ని వాడుతుంటారు. అందులో నాలుగు విడివిడిగా చూస్తారు, చెయ్యి చేసుకోవడం, నోటితో అనేయడం, లోపల కోపం రగలడం, ఇంకోటి హోస్టిలిటీ అంటే అందరూ నాకు అన్యాయమే చేస్తున్నారు, నా వెనక ఏదో అనుకుంటున్నారు అనే కక్ష లాంటిది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ అమ్మాయిది నోటి దురుసు, దాని వెనక కోపం. పుస్తకం విసరడం దగ్గర కొంచెం హద్దు దాటింది, అది తనకి గట్టిగానే చెప్పండి. పేషెంట్‌ని మొరటుగా పట్టుకోవడం, లాగడం, పిలిచినా కావాలని పోకపోవడం లాంటివి ఒక్కసారి జరిగినా నేను ఇంత మెత్తగా మాట్లాడను, ఎందుకంటే బెడ్ మీద ఉన్న మనిషి ఎదురు తిరగలేడు.

ఇప్పుడు అందరూ చెప్పే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గురించి. సలోవే, మేయర్ అనే ఇద్దరు 1990లో దీన్ని వివరించినప్పుడు మొదట చెప్పింది తన మనసులో ఏముందో ఎదుటివాళ్ల మనసులో ఏముందో పసిగట్టడం, కానీ మనవాళ్లు దీన్ని కోపం దిగమింగుకోవడం అని అర్థం చేసుకుంటున్నారు, క్లాసుల్లో కూడా నర్సంటే ఓర్పు, నవ్వుతూ ఉండాలి అని అక్కడితో ఆపేస్తారు, నాకు చాలా బాధేసే విషయం ఇది. జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్ట్ ప్రయోగాల్లో, లోపలి బాధ మొహంలో కనపడకుండా అణుచుకున్నవాళ్లకి ఆ బాధేం తగ్గలేదు, ఒంట్లో ఒత్తిడి మాత్రం పెరిగింది, అదే విషయాన్ని ముందే ఇంకో రకంగా ఆలోచించుకున్నవాళ్లకి బాధ తగ్గింది. మూడోసారి సెలైన్ గురించి అడిగిన ఆ కూతుర్నే తీసుకోండి, నన్ను చులకన చేస్తోంది అనుకుంటే ఒళ్లు మండుతుంది, బాటిల్ అయిపోతే వాళ్ల అమ్మకి ఏమవుతుందో అని భయపడుతోంది అనుకుంటే, ఇంకా ఇంత ఉంది, అయిపోకముందే నేనే వచ్చి చూస్తాను, కంగారు పడకండి అనే మాట దానంతటదే వస్తుంది.

ఆలోచించుకునే టైమ్ వార్డులో ఎక్కడుంది సార్ అని పిల్లలు నన్నడుగుతారు. ఉంది. ఎలాగూ ఒక పేషెంట్ నుంచి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులు శుభ్రం చేసుకోవాలి కదా, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, నీళ్లు లేకుండా రుద్దుకునే హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30. ఆ కాసేపు వేళ్ల సందులు రుద్దుకుంటూ పళ్లు బిగించి ఉన్నానా, భుజాలు పైకి లేచి ఉన్నాయా, ఇది కోపమా భయమా సిగ్గా అని తనని తాను అడగమనండి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో బాగా పనిచేసింది ఇదే, వేరే టైమ్ అక్కర్లేదు కాబట్టి.

రెండోది ఇంకా ముఖ్యం, పైవాళ్లతో మాట్లాడటం నేర్చుకోవాలి. ఎదురు చెప్పమని కాదు. హాస్పిటల్స్‌లో స్టాఫ్‌కి నేర్పే పద్ధతి ఒకటుంది, మూడు మెట్లు, నాకు కంగారుగా ఉంది, నాకిది సరిగ్గా అనిపించట్లేదు, ఇది పేషెంట్ సేఫ్టీ విషయం. మొదటిసారి గుచ్చి వెయిన్ దొరకనప్పుడే మేడమ్ నాకు కంగారుగా ఉంది, మీరొకసారి పక్కన నిలబడతారా అని అనగలిగి ఉంటే ఆ రోజు వేరేగా నడిచేదేమో. తిట్టాక కూడా, సాయంత్రం ఒక్కతే వెళ్లి, తప్పు నాదే మేడమ్, కానీ పేషెంట్ ముందు అనేసరికి చేతులు వణికాయి, పక్కకి పిలిచి చెప్పండి అనొచ్చు. కొందరు ట్యూటర్లు వినరు, నిజమే. సీనియర్లు రోజూ కావాలని అవమానిస్తుంటే మాత్రం అది అమ్మాయి ఓర్పుతో సర్దుకునే సంగతి కాదు, తేదీలతో రాసిపెట్టుకుని కాలేజీలో కంప్లైంట్ ఇవ్వాలి.

మీ బంధువులెవరో ఆపరేషన్ థియేటర్‌లో వేయిస్తే పేషెంట్లతో మాట్లాడే పని ఉండదు అన్నారని రాశారు. నేను ఒప్పుకోను. థియేటర్‌లో టెన్షన్ ఎక్కువ, అక్కడ మాట పడాల్సింది మళ్లీ పైవాళ్ల దగ్గరే. స్పెషలైజేషన్ సంగతి ఫైనల్ ఇయర్‌లో చూద్దాం.

కంప్లైంట్ విషయంలో మీరు ఫోన్ చేసి బతిమాలకండి, అమ్మాయినే వెళ్లి ఇన్‌చార్జ్ సిస్టర్‌తో మాట్లాడమనండి, వీలైతే ఆ పేషెంట్ కూతురికి కూడా సారీ చెప్పమనండి. ఇవాళ రాత్రి ఫోన్ చేసినప్పుడు కోపం తగ్గించుకో అనే మాట మాత్రం ఎత్తకండి, ఇవాళ నిన్నెవరైనా ఏమైనా అన్నారా అని అడిగి చెప్పినంతసేపు వినండి. వచ్చే పోస్టింగ్ అయ్యేదాకా చూద్దాం, ఈలోపు నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, బతకాలని లేదు లాంటి మాటలు వస్తే పోస్టింగ్ అయ్యేదాకా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, నాకూ చెప్పండి.