పోస్టరు కన్నా ముందు చీటీల పెట్టె

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జిల్లాలోని జూనియర్, డిగ్రీ కళాశాలల విద్యార్థుల కోసం లైంగిక ఆరోగ్యంపై అవగాహన కార్యక్రమాన్ని రూపొందించే బాధ్యత నీకు అప్పగించారనీ, డిసెంబరు 1న ప్రపంచ ఎయిడ్స్ దినం నాటికి దాన్ని మొదలుపెట్టాలనీ రాశావు. నువ్వు పంపిన ప్రణాళికను రెండుసార్లు చదివాను. ర్యాలీ ఉంది, ఆరు రకాల పోస్టర్లు ఉన్నాయి, వ్యాసరచన పోటీ ఉంది, ముఖ్య అతిథి ప్రసంగం కూడా ఉంది. పదిహేడేళ్ల పిల్ల తన మనసులో నలుగుతున్న సందేహాన్ని ఎవరిని, ఎక్కడ, ఏ వేళలో అడగాలో మాత్రం అందులో ఎక్కడా కనిపించలేదు. ఆరోగ్యశాఖ ప్రచార విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని కాబట్టి, ఈ లోటు ఎందుకు పెద్దదో నీకు వివరంగా చెప్పాలనిపించింది.

పోస్టర్ల పని ప్రస్తుతానికి ఆపించు. మూడు వారాల ముందే ప్రతి కళాశాలలోనూ తాళం వేసిన చీటీల పెట్టెలు పెట్టించు. అమ్మాయిలకు ఒకటి, అబ్బాయిలకు ఒకటి వేరువేరుగా ఉండాలి. పేరు రాయనక్కర్లేదని చెబితే సరిపోదు. అందరికీ ఒకే కొలత కాగితం ఇచ్చి, ప్రశ్న లేనివారు కూడా "ప్రశ్న లేదు" అని రాసి మడిచి వేయాలని చెప్పు. అందరూ రాస్తున్నప్పుడే, నిజంగా అడగవలసింది ఉన్న పిల్ల పక్కవారి చూపుకు భయపడకుండా రాయగలుగుతుంది. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. చేతిరాత గుర్తుపట్టగల అధ్యాపకుల చేతికి అది వెళ్లకూడదు.

ఆ చీటీలలో ఏముంటుందో నాకు కొంత తెలుసు. మేము ఎయిడ్స్ గురించి చెప్పడానికి వెళ్లిన కళాశాలల్లో ఎయిడ్స్ ప్రస్తావన వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని చీటీల్లోనే ఉండేది. అబ్బాయిలు ఎక్కువగా హస్తప్రయోగం వల్ల నీరసం వస్తుందా, నిద్రలో వీర్యం పోతే పెళ్లికి పనికిరామా అని అడిగేవారు. రైలు పట్టాల పక్క గోడల మీద "రహస్య వ్యాధులు" అంటూ రాయించే నకిలీ వైద్యుల ప్రకటనలే ఆ భయానికి మూలమని ప్రశ్నల భాషే చెప్పేది. అమ్మాయిలు తెల్లబట్ట గురించీ, నెలసరి తప్పడం గురించీ, ఒక్కసారి కలిసినా గర్భం వస్తుందా అనీ, మొదటి రాత్రి రక్తం రాకపోతే భర్త అనుమానిస్తాడా అనీ అడిగేవారు. ఇటీవలి చీటీలలో ఫొటోలు పంపమని ఒత్తిడి చేసే స్నేహితుల సంగతి కూడా తప్పక వస్తుంది. ఈ ప్రశ్నలే నీ పాఠ్యప్రణాళిక కావాలి. హస్తప్రయోగం వల్ల నీరసం గానీ సంతానలేమి గానీ రాదని, స్వప్నస్ఖలనం ఎదిగే వయసులో సహజమని, కన్నెపొర కన్యాత్వానికి పరీక్ష కాదని, ఒక్క కలయికతోనూ గర్భం రావచ్చని స్పష్టంగా చెప్పాలి. దుర్వాసన, దురద లేని తెల్లబట్ట మామూలేననీ, పెరుగు తరకల్లా వచ్చినా, రంగు మారినా, దురద పెట్టినా వైద్యుణ్ణి కలవాలనీ చెప్పాలి. "నాకు అబ్బాయిలంటేనే ఇష్టం, ఇది జబ్బా?" అని ఏ కుర్రాడైనా రాస్తే ఆ చీటీని పక్కన పెట్టవద్దు. అది జబ్బు కాదనీ, వయోజనుల మధ్య అటువంటి సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందనీ సభలోనే చదివి చెప్పు. ఆ జవాబు కోసం ఒక్కడే ఎదురుచూస్తున్నా సరే, చెప్పవలసిందే.

మాటల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. మన ప్రజలకు అలవాటైన "సుఖవ్యాధి" అనే మాట రోగి మీదే నింద మోపుతుంది. భర్త ద్వారా వ్యాధి సోకిన ఇల్లాలికి ఆ మాట ఎంత అన్యాయమో ఆలోచించు. అయినా మొదటిసారి దాన్ని చెప్పి, ఆ తర్వాత "లైంగికంగా సంక్రమించే వ్యాధులు" అనే మాటకు మారమని నా సలహా, ఎందుకంటే గోడల మీద చదివిన పదం ఇదేనని పిల్లలకు తెలియకపోతే నువ్వు చెప్పేది తమకు సంబంధించినదని వారికి తోచదు. శరీర భాగాల పేర్లు మింగకుండా, నవ్వకుండా, గొంతు తగ్గించకుండా పలకడం నీ బృందమంతా ముందుగా సాధన చేయాలి. చెప్పేవారు సిగ్గుపడితే, ఇది సిగ్గుపడవలసిన విషయమన్న పాఠమే పిల్లలు ఇంటికి తీసుకుపోతారు.

2000ల తొలినాళ్లలో ఉమ్మడి రాష్ట్రమంతటా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అనే బోర్డులు వెలిసినప్పుడు నువ్వు చాలా చిన్నపిల్లవు. అంతగా జనం నోళ్లలో నానిన ఆరోగ్య ప్రచారాన్ని నేను మరొకటి చూడలేదు. టీ కొట్ల దగ్గర, బస్సుల్లో, పెళ్లిళ్లలో ఆ ప్రశ్నే వినిపించేది. ఎయిడ్స్ అనే మాటను బహిరంగంగా పలకడం మనవాళ్లకు అలవాటు చేసినందుకు ఆ ప్రచారాన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. కానీ నేను తిరిగిన ఊళ్లలో ప్రశ్న అందరికీ గుర్తుంది, జవాబు కొద్దిమందికే గుర్తుంది. ప్రచారం కోసం కల్పించిన పులిరాజా అన్నది ఎదుటివారిని ఆటపట్టించే పేరైపోయింది, పరీక్ష ఎక్కడ చేయించుకోవాలన్న సంగతి వెనక్కి పోయింది. ఆసక్తి రేకెత్తించిన పోస్టరులోనే, అంతే పెద్ద అక్షరాలతో జవాబూ, వెళ్లవలసిన చోటూ ఉండాలని అప్పటి నుంచి పట్టుబడుతూ వచ్చాను.

నీ ఆరు పోస్టర్లలో పుర్రె, ఎముకల బొమ్మలున్న రెండింటిని పూర్తిగా తీసివేయి. 2004 నుంచి హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. క్రమం తప్పకుండా మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితిలో కొనసాగుతున్నవారి నుంచి లైంగికంగా హెచ్ఐవీ సోకదు. హెచ్ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధిస్తూ 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. నీ సభలో కూర్చున్న పిల్లల్లో పుట్టుకతోనే హెచ్ఐవీ ఉన్నవారు ఉండవచ్చు. పుర్రె బొమ్మ చూసి ఆ బిడ్డ ఏమనుకుంటుందో ఒక్క క్షణం తలచుకుంటే నీకే తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఆస్పత్రి గుమ్మం. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం ప్రత్యేక క్లినిక్కులు ఏర్పాటయ్యాయి. హెచ్ఐవీ పరీక్షలు ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితంగా, కౌన్సెలింగుతో, గోప్యంగా జరుగుతాయి. ఎయిడ్స్ సందేహాల కోసం 1097 హెల్ప్‌లైను నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఒకసారి మా ప్రసంగం విని ధైర్యం తెచ్చుకున్న అమ్మాయి మరుసటి రోజే ఆస్పత్రికి వెళ్లింది. ఓపీ చీటీ రాసే వ్యక్తి వరుసలో అందరూ వినేలా "పెళ్లయిందా?" అని అడిగాడు. ఆమె చీటీ తీసుకోకుండానే వెనుదిరిగింది. తోటి విద్యార్థిని ద్వారా ఆ సంగతి నాకు తెలిసేసరికి నెల దాటింది. ఆమెను ఇంటి నుంచి అంత దూరం నడిపించింది మా మాటే కదా అన్న బాధ నన్ను ఇంకా వదలలేదు. అందుకే సభ పెట్టకముందే నువ్వు స్వయంగా ఆ గుమ్మం దాకా వెళ్లు. వేళలు కళాశాల వేళలతో ఢీకొంటున్నాయేమో చూడు, గదికి తలుపు ఉందో లేదో చూడు, కాపలాదారు, చీటీ రాసేవారు, మందులిచ్చేవారు, నర్సమ్మలు అందరినీ కూర్చోబెట్టి ఏ ప్రశ్న ఎవరు, ఎక్కడ అడగాలో తేల్చు. గడువు ఉన్న సంగతులను పోస్టరులో ముందు వేయించు: అత్యవసర గర్భనిరోధక మాత్రను 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మేలుగా వేసుకోవాలి, హెచ్ఐవీ సోకే ప్రమాదం ఎదురైనప్పుడు నివారణ మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

చట్టం గురించి పిల్లలకు సగం నిజం చెప్పవద్దు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం 18 ఏళ్లలోపు వారితో లైంగిక చర్య, వారు ఒప్పుకున్నా సరే, నేరమే. ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. కనుక "ఏం చెప్పినా రహస్యమే" అని నీ కౌన్సెలర్లు మాట ఇవ్వకూడదు. అదే సమయంలో, గర్భస్రావం కోరిన మైనరు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదనీ, చట్టబద్ధమైన గర్భస్రావం విషయంలో అవివాహితలకూ వివాహితలతో సమానమైన హక్కుందనీ 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ కలిపి చెబితేనే భయంతో నాటువైద్యం వైపు పోకుండా ఉంటారు.

తల్లిదండ్రుల సమావేశాన్ని చివరకు నెట్టావు. దాన్ని ముందుకు తీసుకురా. 2007లో బడిపిల్లలకు ఎదిగే వయసు సంగతులూ లైంగిక ఆరోగ్యమూ చెప్పే కౌమార విద్యా కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు వద్దన్నప్పుడు, పుస్తకాల్లో ఏముందో చూడని పెద్దల ఆందోళనకు కూడా అందులో వాటా ఉంది. "పెళ్లికాని పిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అని ఎవరైనా అడిగితే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 ఏళ్లలోపే పెళ్లయిందని తేలిన సంగతి మర్యాదగా చెప్పు. మన ఖమ్మం జిల్లా వారికి మరో గాయం కూడా ఉంది. 2009లో ఇక్కడి బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు హాస్టళ్లలోని పిల్లల విషయంలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ క్యాన్సరు నుంచి టీకా మంచి రక్షణ ఇస్తుంది కూడా. అయినా అడగకుండా చేసిన మేలును తల్లులు నమ్మలేదు. వారు ఆ ప్రస్తావన తెస్తే వాదించకు. జరిగిన తప్పును ఒప్పుకొని ఆ తర్వాతే టీకా గురించి మాట్లాడు.

ఫలితాన్ని ఎంతమంది హాజరయ్యారన్న లెక్కతోనూ, ఫొటోలతోనూ చూపించవద్దు. కార్యక్రమానికి ముందు మూడు నెలల్లోనూ, తర్వాత మూడు నెలల్లోనూ ఆ క్లినిక్కులకు వచ్చిన 15–19 ఏళ్ల వారి సంఖ్యను పేర్లు లేకుండా తెప్పించుకో. చీటీల పెట్టెను మళ్లీ ఒకసారి పెట్టి, ప్రశ్నలు మారాయో లేదో చూడు.

మొదటి విడత చీటీలను, ఊరు పేర్లు తీసేసి, నాకు పంపు. అక్షరదోషాలు దిద్దవద్దు, బూతని తోచినవాటిని పక్కన పెట్టవద్దు. అవి చదివాక పోస్టర్ల సంగతి ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ