కరెంటు సందేహాలు: గోల వచ్చే దారి ఏది?

ప్రశ్న: మా రైస్ మిల్లులో ఎలివేటర్ మోటారుకి 7.5 హెచ్‌పీ వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టాం. అది నడుస్తున్నంతసేపూ డ్రయ్యర్ దగ్గరి టెంపరేచర్ మీటరు 62 నుంచి 75 డిగ్రీల మధ్య గెంతుతోంది. డ్రైవ్ ఆపితే 62 దగ్గర కుదురుగా నిలుస్తుంది. థర్మోకపుల్‌కి (వేడిని చిన్న వోల్టేజీగా మార్చే సెన్సారు) షీల్డు వైరు, అంటే పైన లోహపు అల్లిక ఉన్న వైరు కూడా వేశాం, ఏమీ మారలేదు. మీటరు పోయినట్టేనా?
– ఎలక్ట్రీషియన్, మిర్యాలగూడ

జవాబు: మీటరు జోలికి వెళ్లకండి. డ్రైవ్ ఆపగానే కుదురుకుంటోందంటే దానికేమీ కాలేదు. కే టైపు థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేది దాదాపు 41 మైక్రోవోల్టులు. 13 డిగ్రీలు గెంతడానికి అర మిల్లీవోల్టు చాలు. పక్కనే 590 వోల్టుల డీసీని సెకనుకి వేలసార్లు కోస్తూ కూర్చున్న డ్రైవ్ ఉంటే ఆ అర మిల్లీవోల్టు ఎలాగైనా దూరుతుంది. ఇలా దూరే అక్కర్లేని వోల్టేజీనే గోల (నాయిస్) అంటున్నాం.

ఏదైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. మీటరు టెర్మినళ్ల నుంచి థర్మోకపుల్ వైర్లు రెండూ విప్పేసి, ఆ రెండు టెర్మినళ్లనీ రెండంగుళాల రాగి తీగతో కలిపేయండి. మీటరు అప్పుడు గది వేడి చూపిస్తుంది. ఇక డ్రైవ్ నడపండి. అంకె ఇంకా గెంతుతుంటే గోల సెన్సారు వైరులో లేదు, మీటరుకి వచ్చే 230 వోల్టుల సప్లైలోంచి వస్తోంది. అప్పుడు మీటరు సప్లైని డ్రైవ్ ఉన్న లైను నుంచి విడదీసి, దానికి లైన్ ఫిల్టరు పెట్టాలి. అంకె నిలిచిపోతే సెన్సారు వైరే దారి. అయిదు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి ముందే షీల్డు వైరు కొనేవాళ్లే ఎక్కువ.

సెన్సారు వైరే దారి అని తేలినా, ముందు సరిచేయాల్సింది మోటారు కేబుల్‌ని. డ్రైవ్ లోపల కరెంటుని కోసే స్విచ్చులు, అంటే ఐజీబీటీలు, వోల్టేజీని సుమారు 100 నానోసెకన్లలో కింది నుంచి పైకి లేపుతాయి. అలా లేచిన ప్రతిసారీ కేబుల్‌కీ ఎర్తుకీ మధ్య, మోటారు వైండింగుకీ బాడీకీ మధ్య ఉన్న కెపాసిటెన్సు గుండా చిన్న కరెంటు కారుతుంది. కారిన కరెంటు డ్రైవ్‌కి తిరిగి చేరాల్సిందే. దగ్గరి దారి దొరక్కపోతే ఇనుప దూలాలు, కేబుల్ ట్రే, చివరికి మీ థర్మోకపుల్ షీల్డు కూడా దానికి దారే.

దగ్గరి దారి అంటే డ్రైవ్ నుంచి మోటారు దాకా షీల్డు ఉన్న కేబుల్. దాని షీల్డుని రెండు చివర్లా ఎర్తుకి కలపాలి. ఎలా కలిపారన్నదే ఇక్కడ అసలు విషయం. అల్లిక విప్పి, తోకలా మెలిపెట్టి, ఒక లగ్గు తొడిగి ఎర్తు బోల్టుకి బిగించడం మనవాళ్ల అలవాటు. 10 సెంటీమీటర్ల తోక ఇండక్టెన్సు దాదాపు 0.1 మైక్రోహెన్రీ. 50 హెర్ట్జ్ దగ్గర అది లెక్కలోకి రాదు కానీ 10 మెగాహెర్ట్జ్ దగ్గర 6 ఓమ్‌లకి పైగా అడ్డం పడుతుంది. అంటే షీల్డు ఉన్నా లేనట్టే. దానికి బదులు కేబుల్ పైతొడుగుని రెండు మూడు సెంటీమీటర్లు ఒలిచి, అల్లికని చుట్టూ పట్టుకునేలా లోహపు క్లాంపుతో మౌంటింగ్ ప్లేటుకి నేరుగా బిగించండి. క్లాంపు కింద పెయింటు ఉంటే గీకేయండి, లోహం మెరవాలి. మోటారు వైపు కేబుల్ దూరేచోట ఉన్న ప్లాస్టిక్ గ్లాండ్ తీసేసి, అల్లికని చుట్టూ పట్టుకునే ఇత్తడి గ్లాండ్ వేయండి. షీల్డు ఉంది కదా అని ఎర్తు వైరు మానేయొద్దు, అది విడిగా ఉండాల్సిందే.

తర్వాత సెన్సారు వైరు. మోటారు కేబుల్‌కి కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి. దీని షీల్డుని మీటరు వైపు ఒక్క చివరే కలపండి. థర్మోకపుల్ వైరుకీ, దాని స్టీలు తొడుగుకీ మధ్య మల్టీమీటరుతో కంటిన్యుటీ చూడండి. బీప్ అంటే లోపల కొస తొడుగుకి అతికి ఉందన్నమాట. ఆ రకం డ్రయ్యర్ బాడీ మీదున్న గోలనంతా మీటరుకి మోసుకొస్తుంది. కొస తొడుగుకి తగలని రకం వేసుకోండి. మీరు వేసిన షీల్డు వైరు మామూలు రాగిదేమో కూడా చూసుకోండి. కే టైపుకి కే టైపు కాంపెన్సేటింగ్ కేబులే వేయాలి. రాగి వేస్తే గోల సంగతి దేవుడెరుగు, అంకే తప్పు చూపిస్తుంది.

ఇవన్నీ చేశాక ఇంకా కొద్దిగా మిగిలితే డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీని (సెకనుకి ఎన్నిసార్లు కోస్తుందన్న అంకె), 8 కిలోహెర్ట్జ్ ఉంటే 4కి తగ్గించండి. మోటారు కూత పెరుగుతుంది, గోల తగ్గుతుంది. మిల్లు చప్పుడులో ఆ కూత ఎవరికీ వినపడదు లెండి.

ప్రశ్న: పంపు ఆటోమేటిక్‌గా నడవడానికి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు తయారుచేశాను. బోర్డు రిలేని, రిలే కాంటాక్టర్‌ని (పంపు కరెంటుని కలిపి తెంచే పెద్ద స్విచ్చు) నడుపుతాయి. కాంటాక్టర్ ఆఫ్ అయినప్పుడల్లా బోర్డు రీస్టార్ట్ అవుతోంది. డబ్బా చుట్టూ వంటింటి అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలు చుట్టాను. లాభం లేదు.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫాయిల్ తీసేయండి, ఏదైనా పిన్నుకి తగిలితే బోర్డు కాలిపోతుంది. మీ గోల గాలిలోంచి కాదు, డబ్బాలోకి వెళ్లే వైర్ల వెంట వస్తోంది. కాయిల్‌లో పారుతున్న కరెంటుని ఒక్కసారిగా తెంచితే అది ఊరుకోదు, వందల నుంచి వేల వోల్టులు పుట్టించి కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ రగిలిస్తుంది. ఆ రవ్వని పుట్టినచోటే ఆర్పాలి.

డీసీ రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడు పెట్టండి. గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి. తిరగేస్తే రిలేని నడిపే ట్రాన్సిస్టరు పోతుంది. 230 వోల్టుల ఏసీ కాంటాక్టర్‌కి డయోడు పనికిరాదు. 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా కలిపి కాయిల్ టెర్మినళ్లు ఏ1, ఏ2 మధ్య వేయండి. కెపాసిటరు మీద ఎక్స్2 అనీ 275 వోల్ట్స్ ఏసీ అనీ రాసి ఉండాలి. డీసీ రేటింగు చూసి మామూలు పాలియెస్టర్ ది వేస్తే కొన్నాళ్లకి షార్టవుతుంది. ఈ జంటని కాంటాక్టర్ దగ్గరే పెట్టాలి. బోర్డు దగ్గర పెడితే మధ్యలోని వైరంతా ఏంటెనానే.

ఫాయిల్ అసలు పనికిరాదని కాదు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో కరెంటు పైపొరలో 0.08 మిల్లీమీటర్ల లోతుకే పరిమితం. 50 హెర్ట్జ్ దగ్గర ఆ లోతు 12 మిల్లీమీటర్ల దాకా పోతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పలుచటి ఫాయిల్ ఏమీ ఆపలేదు.

ప్రశ్న: స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసినా ఫోను మోగుతోంది. లోహం సిగ్నల్‌ని ఆపుతుందన్నది నిజమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, అనంతపురం

జవాబు: నిజమే, 1836లో ఫారడే లోహపు బోనుతో చూపించింది అదే. కాకపోతే మీ డబ్బాకి మూత చుట్టూ సందుంది. కంటికి వెంట్రుకంత సన్నగా ఉన్నా, తరంగానికి కావాల్సింది సందు పొడవే. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 16 సెంటీమీటర్లకి పైగా పొడవున్న సందు ఏంటెనాలాగే పనిచేస్తుంది. మూత చుట్టుకొలత కొలిచి చూడమ్మా, దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. మూత అంచుని చుట్టూ ఫాయిల్‌తో బిగుతుగా మూసి మళ్లీ ఫోన్ చేయి.

ప్రశ్న: రాత్రి లైట్లు వేయగానే రేడియోలో 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ స్టేషను గరగరలో కలిసిపోతోంది. వైరుకి తగిలించే ఫెర్రైట్ క్లిప్పు కొనమంటున్నారు.
– పాఠకుడు, తెనాలి

జవాబు: కొనకండి. ఒక్క చుట్టు క్లిప్పు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర చేసేది దాదాపు సున్నా. రేడియోని బ్యాటరీల మీద నడుపుతూ బల్బులు ఒక్కొక్కటే ఆర్పండి, దొంగ దొరుకుతుంది. ఎక్కువగా అది ఫిల్టరు లేని చవక ఎల్ఈడీ బల్బే అయి ఉంటుంది. దాన్ని మార్చేయడమే తేలిక. మార్చలేని లైటయితే దాని ఫేజు, న్యూట్రలు రెండూ కలిపి ఒక ఫెర్రైట్ రింగుకి 10 చుట్లు వేయండి. గోలకి పడే అడ్డం చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి పది చుట్లంటే సుమారు వంద రెట్లు. ఈలోగా రేడియోని నిలువు ఇరుసు మీద తిప్పి చూడండి. లోపలి ఫెర్రైట్ కడ్డీ కొస గోల వైపు తిరిగినప్పుడు గరగర బాగా తగ్గుతుంది.

ప్రశ్న: గుడి మైకు ఆంప్లిఫయర్‌కి ల్యాప్‌టాప్ కలిపితే గుయ్యిమంటోంది. ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేస్తే పోతుందని మైకు సెట్టాయన అన్నాడు. విరిచాం, నిజంగానే పోయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఒంటిమీద చేయి పెడితే జివ్వుమంటోంది.
– దేవాలయ కమిటీ సభ్యుడు, వనపర్తి

జవాబు: జివ్వుమనడం ఎందుకంటే, ఎర్తు ఉండే ఛార్జర్లలో గోలని ఎర్తుకి దింపడానికి ఫేజుకీ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రలుకీ బాడీకీ మధ్య ఒకటి వై రకం కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు తెగితే బాడీ ఆ రెంటి మధ్య, దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. 2.2 నానోఫారడ్ కెపాసిటర్లయితే మీ చేతిలోంచి పోయేది 0.16 మిల్లీఆంపియర్లే, అది ప్రాణం తీయదు. కానీ లోపల ఎప్పుడైనా ఫేజు బాడీకి తగిలితే ఫ్యూజు పోదు. తడి నేల మీద, తడి చేతులతో మైకు పట్టుకునే పూజారి గారి సంగతి ఆలోచించండి.

గుయ్యిమన్నది వేర్వేరు సాకెట్ల ఎర్తుల మధ్య ఉన్న తేడా వల్ల. ఛార్జరు పీకి ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. శబ్దం పోతే కారణం అదే. రెండింటినీ ఒకే స్విచ్‌బోర్డు నుంచి నడపండి. అప్పటికీ మిగిలితే ఆడియో వైరు మధ్యలో 600 ఓమ్‌లకి 600 ఓమ్‌ల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. శబ్దం దాటుతుంది, ఎర్తుల మధ్య దారి తెగుతుంది. విరిచిన ప్లగ్గుని మాత్రం ఈ రోజే కోసేసి కొత్త త్రీపిన్ టాప్ వేయించండి.